కూలెంట్ కారుతోందా? ముందు లీకు పట్టుకోండి, తరువాతే థర్మోస్టాట్

కారు వేడెక్కుతోందని గ్యారేజీకి తీసుకెళ్తే మన ఊళ్లలో ఇప్పటికీ వినిపించే సలహా ఒకటుంది: "థర్మోస్టాట్ వాల్వ్ తీసేద్దాం సార్, మన ఎండలకు దానితో పనిలేదు." ఇంజను తగినంత వేడెక్కేదాకా కూలెంట్‌ను (ఇంజనును చల్లబరిచే ద్రవాన్ని) రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే చిన్న భాగం అది. సలహా వినడానికి బాగానే ఉంటుంది కానీ లెక్క తప్పు. రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటినా, ఇంజను సరిగ్గా పనిచేయడానికి కావలసిన వేడి 90 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఎండ ఇబ్బంది పెట్టేది రేడియేటర్‌ను. థర్మోస్టాట్‌కు దానితో సంబంధం లేదు. పైగా కారు వేడెక్కడానికి చాలాసార్లు అసలు కారణం కూలెంట్ ఎక్కడో కారి తగ్గిపోవడమే. లీకును వదిలేసి థర్మోస్టాట్‌ను మార్చినా, పీకేసినా వారం తిరగకుండా అదే ఇబ్బంది మళ్లీ వస్తుంది.

అందుకే ఇక్కడ రెండు పనులనూ వరుసలో చెబుతున్నాను. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే చిన్న పెట్రోలు కార్లను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. డీజిల్ కార్లకూ సూత్రం ఇదే, భాగాలు ఉండే చోటు మారుతుంది. స్పానర్ పట్టడం అలవాటున్న వారికి ఒక ఆదివారం ఉదయం సరిపోతుంది.

ఇంజను చల్లారనివ్వండి

ఈ పనిలో ఒళ్లు కాలే ప్రమాదం ఎక్కువగా ఉన్నది రేడియేటర్ మూత దగ్గర. ప్రెషర్ కుక్కర్‌లాగే ఇక్కడా మూత లోపల ఒత్తిడి నిలబెడుతుంది. మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరిగే నీరు, మూత ఆపి ఉంచే 0.9 బార్ అదనపు ఒత్తిడిలో దాదాపు 118 డిగ్రీల వరకు మరగదు. వేడిగా ఉండగా మూత తిప్పితే ఆ ఒత్తిడి ఒక్కసారిగా పోయి, లోపలి కూలెంట్ ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. గుడ్డ అడ్డుపెట్టుకుంటే చాలనుకోవద్దు. బండి ఆపిన తరువాత కనీసం రెండు మూడు గంటలు ఆగండి. రాత్రంతా నిలిపి ఉంచి పొద్దున్నే మొదలుపెడితే ఇంకా మంచిది. పై హోస్ పైపును చేత్తో నొక్కి చూడండి. మెత్తగా, చల్లగా ఉంటేనే మూత మీద చేయి వేయండి.

కొన్ని కార్లలో రేడియేటర్ మీద మూతే ఉండదు. పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకు మూతే ఆ పని చేస్తుంది. ప్లాస్టిక్ కదా అని దాన్ని చులకనగా తీసుకోకండి, ఒత్తిడి అక్కడా అంతే ఉంటుంది.

రేడియేటర్ ఫ్యాను తాళం తీసేసినా తిరిగే కార్లున్నాయి. ఫ్యాను దగ్గర చేయి పెట్టే పని ఉంటే బ్యాటరీ నెగటివ్ వైరు విప్పేయండి. చున్నీ, కొంగు, భుజం మీది తువ్వాలు లాంటివి పక్కన పెట్టేయండి. ఇక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ పని చేసేవారికి ఒక మాట: భాగాలు విప్పడం, బిగించడం అక్కడ చేసుకోవచ్చు కానీ చివర్లో ఇంజనును చాలాసేపు నడపాలి. ఆ పొగ మూసిన చోట ప్రాణాల మీదికి తెస్తుంది. ఆ దశకు కారును ఆరుబయటికి తీసుకురండి.

లీకును వెతకడం

ముందు ట్యాంకు మీది గీతలు చూడండి. చల్లటి ఇంజనులో మట్టం కింది గీతకు, పై గీతకు మధ్య ఉండాలి. కింది గీతకన్నా తగ్గితే కారు కింద, ఇంజను భాగానికి సరిగ్గా దిగువన, ఒక పెద్ద అట్టముక్క పరిచి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి మరక ఎక్కడ పడిందో చూస్తే సగం పని అయినట్టే.

మరక పడగానే కంగారు అక్కరలేదు. ఏసీ వేసి తిరిగిన కారు కింద నీళ్లు కారడం మామూలే. ఏసీ నీటికి రంగు, వాసన ఉండవు, వేళ్ల మధ్య రుద్దితే జిగురుగా అనిపించదు. కూలెంట్ అయితే రంగు ఉంటుంది, వేళ్లకు జారుడుగా తగులుతుంది, కాస్త తియ్యటి వాసన వస్తుంది. వాసనతోనే ఆపండి, నాలుకకు మాత్రం తగలనివ్వకండి. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు నాకేస్తాయి, పిల్లులు కూడా నాకవచ్చు. కొద్దిగా తాగినా వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

తరువాత టార్చిలైటుతో పై నుంచి కింది దాకా చూడండి. కూలెంట్ కారిన చోట నీరు ఆరిపోయి తెల్లగానో పచ్చగానో పొట్టులాంటి మరక మిగులుతుంది. తడి కన్నా ఈ ఎండిన మరకే నమ్మదగిన ఆధారం. చూడాల్సిన చోట్లు: హోస్ పైపుల రెండు కొసలు, క్లిప్పుల కింద భాగం, రేడియేటర్ మూత అంచు, రేడియేటర్‌లో ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియం జాలీకి అతుక్కునే గీత, మెకానిక్కులు వాటర్ బాడీ అని పిలిచే థర్మోస్టాట్ పెట్టె, వాటర్ పంపు కింద ఉండే సన్నటి రంధ్రం. పంపు లోపలి సీలు అరిగిపోయిందని తెలియడానికే ఆ రంధ్రం పెడతారు. అక్కడ ధారలాంటి మరక కనిపిస్తే పంపు మార్చాల్సిందే. ఆ రంధ్రాన్ని పుట్టీతో మూసిన ఘనులున్నారు. అలా చేస్తే నీరు బేరింగులోకి వెళ్తుంది.

ముందు సీటు కాళ్ల దగ్గర తివాచీ తడిగా, తియ్యటి వాసనతో ఉండి, అద్దం లోపలివైపు జిడ్డు పొగమంచులా పట్టేస్తుంటే హీటర్ కోర్ (కారు లోపలికి వెచ్చటి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) కారుతోందని అర్థం. దాన్ని మార్చడానికి డ్యాష్‌బోర్డు విప్పాల్సి వస్తుంది. అది ఇంటి పని కాదు.

చల్లటి ఇంజనులో కనపడని లీకు ఒత్తిడిలోనే బయటపడుతుంది. రేడియేటర్ మూత స్థానంలో బిగించి చేత్తో గాలి కొట్టే ప్రెషర్ టెస్టర్ ఒకటి దొరుకుతుంది. తెలిసిన గ్యారేజీలో అడిగి తెచ్చుకోవచ్చు. మూత మీద ముద్రించిన ఒత్తిడి ఎంతో చూసి అంతవరకే గాలి ఎక్కించండి. పదిహేను నిమిషాల్లో ముల్లు పడిపోతుంటే లీకు ఉన్నట్టే. అప్పుడు వెతికితే చుక్కలు కనిపిస్తాయి.

మూతను కూడా మరిచిపోకూడదు. కింది రబ్బరు వాషరు పగిలినా, గట్టిపడినా ఒత్తిడి నిలవదు, కూలెంట్ ట్యాంకులోకి పొంగి బయటికి పోతుంది. మూత ఖరీదు పెద్దది కాదు, అనుమానం ఉంటే మార్చేయండి. అయితే పాత మూత మీద 0.9 ఉంటే కొత్తదాని మీదా 0.9 ఉండాలి. ఎక్కువ అంకె ఉన్నది వేస్తే బలం అనుకుని 1.1 బిగిస్తే, అంతవరకు ఆగి ఉన్న పాత పైపు పగులుతుంది.

పసుపు, ఎంసీల్ సంగతి

రేడియేటర్‌లో పసుపు పోస్తే లీకు ఆగుతుందని లారీ డ్రైవర్ల నుంచి కార్లవాళ్ల దాకా అందరికీ తెలుసు. ఆగడం నిజమే. పొడి నీటితో కొట్టుకుపోయి చిన్న రంధ్రాన్ని మూసేస్తుంది. కానీ ఏది రంధ్రమో ఏది రేడియేటర్ సన్న గొట్టమో పసుపుకు తెలియదు కదా, రెంటినీ మూస్తుంది. అంగడిలో దొరికే లీకు ఆపే పొడులూ ఇంచుమించు ఇంతే. రాత్రిపూట శ్రీశైలం ఘాట్‌లో చిక్కుకుంటే వాడుకోండి, ఇంటికి చేరాక మొత్తం కడిగించండి. ఎంసీల్ ముద్ద ప్లాస్టిక్ ట్యాంకు పగులు మీద కొన్నాళ్లు నిలబడవచ్చు, దాన్ని నమ్మి ఊరు దాటకండి. పాత రాగి, ఇత్తడి రేడియేటర్లకు టంకం వేసేవారు. ఇప్పటి ప్లాస్టిక్, అల్యూమినియం రేడియేటర్‌లో అతుకు దగ్గర కారితే కొత్తది వేయడమే దారి.

హోస్ పైపు మార్చడం

ఇంట్లో తేలికగా నయమయ్యే లీకు ఇదే. ముందు కూలెంట్ తీయాలి. రేడియేటర్ అడుగున ప్లాస్టిక్ మర ఉంటే దాని కింద వెడల్పాటి బేసిన్ పెట్టి నెమ్మదిగా తిప్పండి. పాత కార్లలో ఈ మర పెళుసుబారి చేతిలోకి విరిగి వస్తుంది. గట్టిగా ఉంటే బలవంతం చేయకుండా కింది హోస్ పైపును విప్పి తీయండి. ఎంత కూలెంట్ వచ్చిందో కొలిచి రాసుకోండి, నింపేటప్పుడు అవసరం పడుతుంది.

క్లిప్పులు రెండు రకాలు. స్క్రూ తిప్పి బిగించేది ఒకటి, రెండు చెవులు నొక్కితే వదులయ్యే స్ప్రింగు క్లిప్పు మరొకటి. రెండోదాన్ని కటింగ్ ప్లయర్‌తో నొక్కి వెనక్కి జరపండి. తరువాత పైపును లాగకండి, మెలితిప్పండి. ఏళ్ల తరబడి అతుక్కుపోయిన రబ్బరు మెలితిప్పితేనే వదులుతుంది. లాగితే రేడియేటర్ ప్లాస్టిక్ ముక్కు విరుగుతుంది, చిన్న పనికి రేడియేటర్ ఖర్చు తోడవుతుంది. ఎలాగూ పైపు పారేసేదే కాబట్టి ఎంతకీ రాకపోతే బ్లేడుతో నిలువుగా కోసి తీయండి, ముక్కు మీద గాటు పడకుండా.

ముక్కు మీద పేరుకున్న తెల్లటి పొరను శుభ్రం చేయండి. లోహమైతే సన్న ఎమరీ కాగితం, ప్లాస్టిక్ అయితే తడిగుడ్డ. కొత్త పైపు ఎక్కకపోతే కొంచెం కూలెంట్ రాయండి. నూనె, గ్రీజు వద్దు, వాటికి ఈ రబ్బరు ఉబ్బుతుంది. క్లిప్పు ముక్కు చివరనున్న ఉబ్బు దాటి లోపలివైపు కూర్చోవాలి. రబ్బరు క్లిప్పు సందుల్లోంచి పొంగుకొచ్చేంతగా బిగించవద్దు.

థర్మోస్టాట్ నిజంగా చెడిందా?

థర్మోస్టాట్ అంటే మైనం నింపిన చిన్న డబ్బీ, ఒక స్ప్రింగు, ఒక మూత. కూలెంట్ 82 లేదా 88 డిగ్రీలకు చేరగానే (అంకె దాని మీదే కొట్టి ఉంటుంది) మైనం కరిగి ఉబ్బి పుల్లను నెడుతుంది, దారి తెరుచుకుని కూలెంట్ రేడియేటర్‌కు వెళ్తుంది. అంతవరకు ఇంజనులోనే తిరుగుతుంది.

ఇది రెండు విధాలుగా చెడుతుంది. మూసుకుని బిగుసుకుపోతే ఇంజను త్వరగా వేడెక్కుతుంది, మీటరు ముల్లు పైకి పోతుంది, ఇంజను కాలిపోతుంటే రేడియేటర్, కింది పైపు చల్లగా ఉంటాయి. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ కింది పైపు వైపే ఉంటుంది, అక్కడ కూడా చల్లగా మిగిలేది కింది పైపే. తెరుచుకుని బిగుసుకుపోతే గుర్తించడం కష్టం, ఎందుకంటే కారు ఆగిపోదు. ఇంజను ఎంతకీ వేడి అందుకోదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ముల్లు లేని చిన్న కార్లలో ఇంజను ఇంకా చల్లగా ఉందని చెప్పే నీలం దీపం చాలాసేపు ఆరకుండా ఉంటుంది. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే పి0128 అనే కోడ్ చూపించవచ్చు. అమెరికా చలి రాష్ట్రాల్లో ఉండే మనవాళ్లు దీన్ని హీటర్ నుంచి వెచ్చటి గాలి రానప్పుడు పట్టేస్తారు. ఇక్కడ హీటర్ వాడేవారే తక్కువ కాబట్టి మైలేజీ పడిపోయేదాకా ఎవరూ గమనించరు.

వాల్వ్ పీకేస్తే జరిగేది కూడా ఈ రెండో రకమే. ఇంజను చల్లగా నడిచి ఇంధనం ఎక్కువ పోస్తుంది, ఇంజన్ ఆయిల్‌లో తేమ ఆవిరి కాకుండా మిగిలి బురద చేరుతుంది. అంతకన్నా ఘోరం ఇంకొకటుంది. కొన్ని థర్మోస్టాట్లకు అడుగున మరో పళ్లెం ఉంటుంది. పై దారి తెరుచుకునేటప్పుడు అది కింది అడ్డదారిని మూస్తుంది. ఆ ఇంజన్లలో థర్మోస్టాట్ తీసేస్తే అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి కూలెంట్ రేడియేటర్‌కు పోకుండా అక్కడే చుట్టూ తిరుగుతుంది, చల్లబడాలని చేసిన పనికి ఇంజను ఇంకా వేడెక్కుతుంది. 88 ఉన్నచోట 76 వేయడం వల్లా లాభం లేదు. దారి ముందు తెరుచుకుంటుందే కానీ రేడియేటర్ బలం పెరగదు కదా.

మార్చడం

పై పైపో కింది పైపో ఇంజనుకు తగిలే చోట రెండు మూడు బోల్టులతో బిగించిన చిన్న పెట్టె ఉంటుంది, అదే వాటర్ బాడీ. చాలా కార్లలో 10 నంబరు స్పానర్ సరిపోతుంది. విప్పే ముందు అన్ని వైపుల నుంచి ఫోనులో ఫోటోలు తీసుకోండి. కూలెంట్ మట్టం ఈ పెట్టె కన్నా కిందికి దిగిందని చూసుకోండి.

బోల్టులను ఒకటే పూర్తిగా విప్పేయకుండా మార్చి మార్చి కొంచెం కొంచెం వదులు చేయండి. తుప్పు పట్టి రాకపోతే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అరగంట ఆగండి. అల్యూమినియంలో బోల్టు విరిగితే దాన్ని తీయడానికి లేత్ షాపుకు పరుగెత్తాల్సి వస్తుంది, తొందర పనికిరాదు. పెట్టె అతుక్కుపోయి ఉంటే చెక్కముక్కతో పక్క నుంచి చిన్నగా తట్టండి.

మూత వచ్చాక థర్మోస్టాట్ ఏ వైపుకు తిరిగి ఉందో చూసి మరో ఫోటో తీయండి. సాధారణంగా స్ప్రింగు, మైనం డబ్బీ ఇంజను వైపు ఉంటాయి. తిరగేసి పెడితే వేడి తగలక తెరుచుకోదు. అంచు మీద చిన్న రంధ్రంలో అటూ ఇటూ కదిలే పుల్ల ఉంటే అది పైకి రావాలి. లోపల చిక్కిన గాలి పోయే దారి అదే.

రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కి, పాత ప్యాకింగ్ ముక్కలను ప్లాస్టిక్ పలకతో గీకేయండి. స్క్రూడ్రైవర్‌తో గీకితే పడే గీత రేపు మళ్లీ కారుతుంది. పని అయ్యాక గుడ్డ తీయడం గుర్తుంచుకోండి. కొత్త థర్మోస్టాట్‌తో రబ్బరు రింగు వస్తే దానికి సిలికాన్ పేస్టు రాయకండి, అలాగే పెట్టండి. కాగితపు ప్యాకింగ్ అయితే మీ కారు తయారీదారు చెప్పినట్టు చేయండి. థర్మోస్టాట్, ప్లాస్టిక్ పెట్టె ఒకే ముక్కగా వచ్చే కార్లూ ఉన్నాయి, వాటిలో మొత్తం మార్చాలి.

కొత్తదైనా పెట్టే ముందు పరీక్షించండి. వంటకు ఇక వాడని పాత గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి కాచండి. దాని మీది అంకె దగ్గర తెరుచుకోవడం మొదలై, ఇంకో పది పన్నెండు డిగ్రీలకు ఎనిమిది మిల్లీమీటర్లు లేదా అంతకుమించి తెరుచుకోవాలి. హైదరాబాదు ఎత్తులో నీరు 98 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి 88 రకం ఇంట్లో పూర్తిగా తెరుచుకోలేదని దుకాణదారుతో గొడవ పెట్టుకోకండి. చల్లారాక గట్టిగా మూసుకుంటే సరే.

బోల్టులను ముందు చేత్తో తిప్పి, తరువాత మార్చి మార్చి బిగించండి. బిగుతు కొలిచే టార్క్ రెంచి ఉంటే ఇలాంటి సన్న బోల్టుకు 10 న్యూటన్ మీటర్లు అటూ ఇటూ ఉంటుంది, కచ్చితమైన అంకె మీ కారు సర్వీసు పుస్తకంలో చూడండి. రెంచి లేకపోతే పొట్టి స్పానర్‌ను మణికట్టు బలంతోనే తిప్పండి, భుజం బలం వద్దు.

కూలెంట్ నింపడం, గాలి తీయడం

ఈ పని మొత్తంలో ఓపిక ఎక్కువ కావాల్సింది ఇక్కడే. సరిగ్గా చేసిన పనిని కూడా లోపల చిక్కిన గాలి పాడుచేస్తుంది.

ఏ కూలెంట్ పోయాలో కారు పుస్తకం చెబుతుంది. రంగును నమ్మవద్దు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అనేవి తయారీదారు ఇష్టం, రంగు ఒకటైనా లోపలి రసాయనాలు వేరుగా ఉండవచ్చు. పడని రకాలు కలిస్తే జిగురుగా గడ్డకడతాయి. నీళ్లు కలిపి అమ్మే రకమైతే నేరుగా పోయండి. చిక్కటి రకమైతే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపండి. బ్యాటరీకి పోసేదే అది. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు పోస్తే మన ఇళ్లలో గీజర్ రాడ్డుకు పట్టే తెల్లటి పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ పడుతుంది. మంచు పడని ఊళ్లో కూలెంట్ ఎందుకని అడిగేవారుంటారు. అది తుప్పును ఆపుతుంది, మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, పంపు సీలును కాపాడుతుంది. గడ్డకట్టకుండా ఆపడం దాని పనుల్లో ఒకటి మాత్రమే.

పాతది ఎర్రగా, తుప్పునీరులా వచ్చి ఉంటే ముందు శుభ్రమైన నీటితో తేటగా వచ్చేదాకా కడగండి. కడిగిన నీరు కొంత ఇంజనులో మిగులుతుంది కాబట్టి అలాంటప్పుడు చిక్కటి కూలెంటే పోసి పాళ్లు సరిచూసుకోవాలి.

కారు ముక్కు కాస్త పైకి ఉండేలా నిలపండి. హీటర్ మీట పూర్తి వేడికి తిప్పండి. గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేయండి. సన్న ధారగా పోస్తూ పై పైపును మధ్యమధ్యలో పిసుకుతుంటే బుడగలు వస్తాయి. స్క్రూ నుంచి బుడగలు లేని ధార రాగానే బిగించండి. రేడియేటర్ మీద మూత ఉండే కార్లలో మూత తీసి ఉంచే ఇంజను స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కకుండా వదిలేయండి, మీ ముఖం మాత్రం దూరంగా ఉంచండి. ఒత్తిడి ట్యాంకు ఉన్న కార్లలో పై గీత వరకు నింపి మూత బిగించాకే స్టార్ట్ చేయాలి.

కొంతసేపటికి థర్మోస్టాట్ తెరుచుకుంటుంది. మూత తీసి ఉన్న రేడియేటర్‌లో మట్టం ఒక్కసారిగా పడుతుంది, కింది పైపు వెచ్చబడుతుంది. తగ్గినంత పోసి మూత బిగించండి. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా మీటరు మీద, కొత్త అతుకుల మీద కన్ను ఉంచండి. ముల్లు సగం దాటి పోతుంటే వెంటనే ఆపేయండి. ఆ వేడి మీద చల్లటి నీళ్లు పోయకండి, ఇంజను పైభాగమైన హెడ్డు పగులుతుంది. తీసిన కూలెంట్ ఎంత, పోసింది ఎంత అని పోల్చండి. తక్కువ పట్టిందంటే లోపల ఇంకా గాలి ఉంది.

తరువాతి వారం

మర్నాడు పొద్దున చల్లటి ఇంజనులో మట్టం చూసి తగ్గినంత పోయండి. మొదటి రెండు మూడు రోజులు కొంచెం తగ్గడం మామూలే, మిగిలిన గాలి బయటికి వస్తుంది. ఊళ్లో తిరిగి నమ్మకం కుదిరాకే హైవే ఎక్కండి, ఘాట్ రోడ్డు ఆ తరువాత. తీసిన పాత కూలెంట్‌ను మురికి కాలువలోనో చెట్టు మొదట్లోనో పోయకుండా డబ్బాలో మూతపెట్టి, వాడిన ఆయిల్ తీసుకునే గ్యారేజీని అడిగి అప్పగించండి.

వారం తరువాతా మట్టం తగ్గుతూనే ఉండి, బయట చుక్క కూడా కనపడకపోతే కూలెంట్ ఇంజను లోపలికే పోతోందేమో చూడాలి. ఆయిల్ మూత కింద కాఫీ రంగు మీగడ, ఇంజను వేడెక్కాక కూడా ఆగని తెల్లటి పొగ, రేడియేటర్‌లో ఆగకుండా వచ్చే బుడగలు హెడ్ గాస్కెట్ (హెడ్డుకు, దాని కింది ఇంజను బ్లాకుకు మధ్య ఉండే సీలు) పోయిందనడానికి గుర్తులు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కూలెంట్ పోస్తూ బండి నడపకండి. టోయింగ్ బండి పిలిపించి గ్యారేజీకి పంపండి, హెడ్డు విప్పే ముందు కూలెంట్‌లో పొగ వాయువు ఉందేమో పరీక్షించమని అడగండి.